వైనతేయ కారు అడుగున రెండు చిల్లులు

కిందటి నెల మా ఊరి శాఖా గ్రంథాలయంలో, కొత్త పుస్తకాల బల్ల మీద, అచ్చు సిరా వాసన ఇంకా పోని ఒక సన్నటి పుస్తకం కనిపించింది. కోనసీమలో ఆటల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళ గురించి ఎవరో శ్రమపడి రాసినది. కబడ్డీ వాళ్ళున్నారు, వాలీబాల్ వాళ్ళున్నారు, పడవ పందేల వాళ్ళున్నారు. చివరి పేజీల్లో ఒక్క వాక్యం: వెనకటికి కారు పందేలకి వెళ్ళిన ఒక లారీ డ్రైవరు తాగి నడిపి, మద్రాసులో కాలిపోయాడని చెప్పుకుంటారట. పేరైనా లేదు. అది అబద్ధం, అసలేం జరిగిందో కంటితో చూసి చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. నాకు అరవై దాటాయి, బీపీ ఉంది. నేను రాయకపోతే ఆ వాక్యమే మిగిలిపోతుంది.

ఆయన పేరు దేవదానం. మా నాన్న స్నేహితుడు, నేను దేవదానం బాబాయి అనేదాన్ని. డెబ్బైల చివరి సంగతి ఇది. నేను అప్పుడు తొమ్మిదో తరగతి.

మా నాన్న వీర్రాజుకి అమలాపురం బస్టాండు వెనక వీధిలో వెల్డింగు షాపు ఉండేది. షాపంటే తాటాకు పాక. వానాకాలంలో చూరు నుంచి కారే నీళ్ళు ఇనప రజనుతో కలిసి గుమ్మంలో ఎర్రటి మడుగు కట్టేవి, ఎండాకాలంలో అదే రజను కాళ్ళకి సూదుల్లా గుచ్చుకునేది, ఏ కాలంలోనైనా కార్బైడు డ్రమ్ములోంచి కుళ్ళిన వెల్లుల్లి లాంటి వాసన వస్తూ ఉండేది. బడి వదలగానే నేను ముందు గ్రంథాలయానికి వెళ్ళి, చీకటి పడబోయే దాకా చదువుకుని, సంచిలో ఒక పుస్తకంతో షాపుకి వచ్చేదాన్ని. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది గాని, ఆ గ్రంథాలయంలో అలమర తరవాత అలమర అన్నీ చదివాను. లావుపాటి ఇంగ్లీషు నిఘంటువుని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందులో కొంత ఈ కథలోకీ వచ్చింది.

దేవదానం బాబాయి రావులపాలెం నుంచి మద్రాసుకి అరటి గెలల లారీ నడిపేవాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఏ చొక్కా వేసుకున్నా భుజాల మీద అరటి పాల మరకలు నల్లగా ఉండేవి, ఆదివారం అక్క కరుణ టీచరుగారితో ప్రార్థనకి వెళ్ళేటప్పుడు వేసుకునే ఇస్త్రీ చొక్కా తప్ప. లారీ డ్రైవర్లందరికీ ఉన్న అలవాటు ఆయనకి లేదు. గోలీ సోడా తప్ప ఏమీ తాగేవాడు కాదు, అదీ గోలీని బొటనవేలితో నొక్కి చప్పుడు చేయించి మమ్మల్ని నవ్వించడానికి. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే, రాజోలు దగ్గర చిన్న బడిలో పాఠాలు చెప్పుకుంటూ కరుణ టీచరుగారే ఆయన్ని పెంచింది. తమ్ముడి కోసం పెళ్ళి కూడా మానుకుందని మా అమ్మ చెప్పేది. క్రిస్మస్‌కి ఆవిడ వండి పంపే గులాబీ పువ్వుల పిండివంటా అరిసెలూ ఉన్న డబ్బా మా ఇంట్లో సంక్రాంతి దాకా అటక మీద ఉండేది.

ఒకసారి మద్రాసులో గెలలు దింపాక బాబాయి ఏదో గుంపు వెంట వెళ్ళి, ఊరి బయట పాడుబడ్డ విమానాల మైదానంలో కారు పందేలు చూశాడు. తిరిగొచ్చిన రోజు షాపులో కూర్చోలేదు, నిలబడే చెప్పాడు.

"ఒరేయ్ వీర్రాజూ, అందులో సగం మంది వాళ్ళ సొంతంగా కట్టుకున్న బళ్ళేరా. పాత టాక్సీలు కోసి, రేకులు చుట్టి తెచ్చేసేరు. మనకేం తక్కువ?"

"నీ లారీ ఎక్కితే కాయలు భయానికి దార్లోనే పండిపోతున్నాయని కమీషను కొట్టు వాళ్ళు గోల పెడుతున్నారు. ఇంక కారు కూడానా?" అన్నాడు నాన్న.

అన్నాడే గాని, ఆ రాత్రి అన్నం తింటూ కంచంలో వేలితో ఏవో గీతలు గీస్తూనే ఉన్నాడు.

రాజమండ్రిలో తుక్కుకి అమ్మేసిన టాక్సీ ఒకటి దొరికింది. ఇంజను నాన్న విప్పాడు. అయితే కారుకి ఒళ్ళు కావాలి, తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి. అది చేయగలవారు మా ప్రాంతంలో ఒక్కరే. వైనతేయ గోదావరికి అవతల, పాశర్లపూడి రేవులో పడవలు కట్టే పల్లయ్య మేస్త్రిగారు. అప్పటికే ఆయనకి అరవై. పలచటి పలకలతో కారు నేలా పక్కలూ పడవలాగే కట్టి, పైన రేకు తొడిగించాలని అనుకున్నారు.

ఆ శీతాకాలం ప్రతి ఆదివారం నాన్నతో నేనూ బోడసకుర్రు రేవులో పంటు ఎక్కి అవతలికి వెళ్ళేదాన్ని. రెండు పడవలు కలిపి పైన బల్ల పరిచిన ఆ పంటు మీద సైకిళ్ళూ, మేకలూ, కొబ్బరికాయల బస్తాలూ, పెళ్ళివారూ అందరూ ఒకటిగా నిలబడేవాళ్ళం. పొద్దుటి మంచు నీటి మీద పొగలా లేస్తుండేది. అవతలి ఒడ్డున మేస్త్రిగారి పాకలో గుగ్గిలం, నూనె కలిపి కాచే వాసన, రంపం పొట్టు వాసన, ఆయన భార్య పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించే పొట్టిక్కల వాసన. వేడి పొట్టిక్క మీద కొబ్బరి పచ్చడి వేసుకుని, కారు ఎముకల గూడు పక్కన కూర్చుని తింటూ, మేస్త్రిగారు పలకల సందుల్లో నూలు పీచు దూర్చి గుగ్గిలం పొయ్యడం చూసేదాన్ని. ఎక్కడా సూది దూరే సందు కూడా ఉండనిచ్చేవారు కాదు. కారు పేరు ఆయనే పెట్టారు, ఆ నది పేరే. వైనతేయ.

అక్కడే ఒక ఆచారం చూశాను. కట్టిన ప్రతి పడవకీ అడుగున ఒక చిల్లు ఉంటుంది, ఒడ్డుకి లాగినప్పుడు లోపలి నీళ్ళు పోవడానికి. కొత్త పడవ నీళ్ళలోకి దిగే ముందు, దాన్ని కట్టిన మేస్త్రి తన చేత్తో చెక్కిన బిరడాకి పసుపు రాసి, కళ్ళకద్దుకుని, ఆ చిల్లులో కొడతాడు. ఆ పని ఇంకెవరూ చెయ్యకూడదు. బిరడా కొట్టకుండా పడవని పంపినవాడు దాన్ని ముంచడానికి పంపినట్టే లెక్క.

పందేల నియమాలు మద్రాసు నుంచి పోస్టులో వచ్చాయి, సైక్లోస్టయిలు చేసిన ఇరవై కాగితాలు, అంతా ఇంగ్లీషు. జట్టులో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేను. వారం రోజులు నిఘంటువుతో కుస్తీ పట్టి, నోటుబుక్కులో తెలుగులో రాసి, షాపులో అందరి ముందూ గట్టిగా చదివాను. పధ్నాలుగో నియమం దగ్గర ఆగాను. డ్రైవరు కూర్చునే చోట నేలకి కనీసం రెండు చిల్లులుండాలి, పెట్రోలు కారితే నిలవకుండా కిందకి పోవాలి.

మేస్త్రిగారు నవ్వేరు. "చిల్లా? నేను కట్టినదానికి నేనే చిల్లు పెట్టనా బుల్లెమ్మా? సరిగ్గా చదివేవా?"

"సరిగ్గానే చదివానండీ. పుస్తకంలో ఉన్నది మీకు తెలీకపోతే పుస్తకం తప్పయిపోదు కదండీ" అన్నాను.

నాన్న చెయ్యి నా చెంప మీద పడింది. "నాలుగు ముక్కలు చదివితే పెద్దాయన్ని దిద్దేస్తావా? ఆయన ముందు ఇంకోసారి నోరెత్తేవంటే చూడు."

మేస్త్రిగారు లేచి తువ్వాలు దులుపుకుని గుమ్మం దాకా వెళ్ళిపోయారు. దేవదానం బాబాయే ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. "పిల్ల చదివింది వాళ్ళు రాసిందేనండీ మేస్త్రిగారూ. చిల్లులు లేకపోతే బండిని గేటు దగ్గరే ఆపేస్తారట. మీ చేత్తోనే పెట్టండి, వేరేవాడు పెడితే నేనెక్కను." చాలాసేపటికి ఆయన సరేనన్నారు. సీటు కింద బొటనవేలు దూరేటంత రెండు చిల్లులు తొలిచారు. తొలిచిన వెంటనే తుమ్మ కర్రతో రెండు బిరడాలు కూడా చెక్కారు. "రోడ్డు మీద బురద లోపలికి కొట్టకుండా" అన్నారు. వాటిని కింద నుంచి కొట్టేవారు. బండిని ఆడించి చూసే ముందు తీసెయ్యాలని అనుకున్నారు.

బండిని ఆడించింది సముద్రం ఒడ్డున. ఉప్పలగుప్తం దాటి, సరుగుడు తోటల్లోంచి లాక్కుంటూ వెళ్ళి, పోటు దిగాక గట్టిపడిన తడి ఇసుక మీద వదిలాము. బండి మీద బాబాయి ఒక్కడే, తలకి తువ్వాలు చుట్టుకుని, ముందుకి వంగి, నీళ్ళ అంచు పక్కనుంచి వెళుతుంటే చక్రాల వెనక ఇసుక రెక్కల్లా లేచేది. వలలు ఆరేసుకునేవాళ్ళు పని మానుకుని ఈలలు వేసేవారు. మేము తేగలు చీల్చుకు తింటూ, లోపలి లేత మొలక, ఆ చంద్రగుప్తుడు, ఎవరి వాటాకి వస్తాడోనని దెబ్బలాడుకుంటూ, మధ్యలో గడియారం చూస్తూ కూర్చునేవాళ్ళం. అంత సంతోషం తరవాత ఇంక చూడలేదు.

రెండో ఆదివారం బండి ఆగాక కింద ఇసుక మీద తడి మరక కనిపించింది. బాబాయి మోకాళ్ళ పైన ఉన్న ట్యాంకు నుంచి ఇంజనుకి వెళ్ళే గొట్టం అతుకు దగ్గర సన్నగా చిట్లింది. అది నాన్న వేసిన అతుకు. కారిన పెట్రోలంతా ఆ రెండు చిల్లుల్లోంచి ఇసుకలోకి దిగిపోయింది. నాన్న తెల్లబోయాడు. బాబాయి మాత్రం నన్ను ఎత్తి ఇసుకలో గిర్రున తిప్పాడు. "సుభద్రమ్మ చదవకపోయి ఉంటే ఈపాటికి నేను అప్పడం అయిపోదును కదరా" అని పెద్దగా నవ్వాడు. మేస్త్రిగారు ఆ మరకని చూస్తూ ఉండిపోయారు. ఆయనకి అది మంచి సంగతిలా అనిపించలేదని, తన పని కారిందన్న అవమానంలా అనిపించిందని నాకిప్పుడు అర్థమవుతోంది. నాన్న అతుకు మళ్ళీ వేశాడు. ప్రతిసారీ ఆడించే ముందు బిరడాలు ఊడలాగే పని బాబాయి నాకే ఇచ్చాడు.

మద్రాసుకి నాన్నా, మేస్త్రిగారూ, నేనూ బాబాయి లారీలోనే వెళ్ళాము. వెనక సగం గెలలు, సగం వైనతేయ, మధ్యన ఎండుటాకుల దిండ్లు. క్లీనరు నూకరాజు గెలల పైన పడుకుని దారంతా పాటలు పాడాడు. నన్ను తీసుకెళ్ళింది ఇంగ్లీషు కోసమే. మద్రాసు మైదానంలో అలాంటి ఎండ నేనెన్నడూ చూడలేదు, నేల మీద నుంచి గాలి నీళ్ళలా కదిలేది. మిగతా జట్ల వాళ్ళు మా బండి చుట్టూ తిరిగి, వేలితో పలకల మీద కొట్టి, చేపలు పట్టడానికా అన్నట్టు సైగలు చేసి నవ్వుకున్నారు. మేస్త్రిగారికి భాష రాకపోయినా సైగ అర్థమైంది. తనిఖీ చేసే ఆఫీసరు బండి కింద దూరి, చిల్లుల్లో వేలు పెట్టి చూసి, బాగుందని చీటీ మీద సంతకం పెట్టాడు. ఆ చీటీ నేను పెద్దగా చదివి వినిపించాను. బిరడాలు అప్పటికే నేను ఊడలాగి మేస్త్రిగారి చేతికి ఇచ్చేశాను.

బండిని గీత దగ్గరికి తోశాక నాన్న నీళ్ళ కోసం వెళ్ళాడు. బాబాయి కొంచెం దూరంలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. నేను ఖాళీ డ్రమ్ము మీద నోటుబుక్కుతో కూర్చున్నాను. మేస్త్రిగారు బోల్టులు చూస్తానని బండి కింద దూరారు. చెక్క సుత్తికి గుడ్డ చుట్టి ఉంది. నడుము దోపులోంచి రెండు బిరడాలు తీశారు. పసుపు రాసి ఉన్నాయి. కళ్ళకద్దుకున్నారు. రెండూ కొట్టారు, ఒక్కొక్కదానికి మూడేసి దెబ్బలు. బయటికి వచ్చేటప్పుడు నన్ను చూశారు.

"వాళ్ళ తనిఖీ అయిపోయింది కదా బుల్లెమ్మా" అన్నారు, నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు. "నలభై ఏళ్ళలో బిరడా కొట్టకుండా దేన్నీ పంపలేదు. చిల్లున్న బండిలో ఆ పిల్లాణ్ణి పంపడానికి నాకు మనసొప్పట్లేదు. మరేం కాదుగా?"

నాకు పధ్నాలుగో నియమం కంఠతా వచ్చు. ఇసుక మీద మరక చూసినదాన్ని. నోటుబుక్కు ఒళ్ళో ఉంది. పెద్దవాళ్ళు ఏదన్నా అంటే సరేననడానికి మా వైపు పిల్లలు ఏమంటారో నేనూ అదే అన్నాను.

"ఆయ్" అన్నాను.

చెంపదెబ్బకి భయపడ్డానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కొంతవరకే నిజం. ఆ ముసలాయన నన్ను అనుమతి అడిగాడు. ఒకసారి అవమానించినదాన్ని, ఈసారి మంచిదాన్ని అనిపించుకోవాలనిపించింది. నాన్న రాగానే చెబుదామనుకున్నాను. నాన్న వచ్చేసరికి జెండా ఊపేశారు.

ఆరు చుట్లు బాగా నడిచింది. నవ్వినవాళ్ళు గోడ ఎక్కి చూశారు. ఏడో చుట్టులో నాన్న వేసిన అతుకు మళ్ళీ చిట్లింది. మేస్త్రిగారి నేల ఒక్క చుక్క కూడా బయటికి పోనివ్వలేదు. నిలిచిన పెట్రోలు ఇంజను వేడికి అంటుకుంది. మంట పైకి లేవలేదు, లోపలే బాబాయి కాళ్ళ చుట్టూ తొట్టెలో నీళ్ళలా నిండింది. ఆయన బండిని జనం లేని వైపు తిప్పి ఆపి, అప్పుడు దూకాడు.

ఆస్పత్రిలో తొమ్మిది రోజులు బతికాడు. కరుణ టీచరుగారు వచ్చింది, తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసుకుని పగలూ రాత్రీ కూర్చుంది. ఆయన మాట్లాడగలిగినప్పుడల్లా నాన్నని ఒకటే అడిగేవాడు. "చిల్లులున్నాయి కదరా వీర్రాజూ, పెట్రోలెందుకు దిగలేదు?" నాన్న తల అడ్డంగా ఊపేవాడు, నాన్నకి నిజంగానే తెలీదు. మేస్త్రిగారు బయట వరండా గోడకి ఆనుకుని ఏడుస్తూ "నా పని కారలేదయ్యా, నా నేల ఆఖరి దాకా కారలేదు" అంటూ ఉండేవారు. ఆయన ఊరడింపుగా అంటున్న ఆ మాటకి అర్థం ఆయనకే తెలియలేదు. తలుపు దగ్గర నిలబడి ఈ రెండు మాటలూ నేను తొమ్మిది రోజులూ విన్నాను. జవాబు నా నోట్లో ఉంది. బాబాయి తెలుసుకోకుండానే పోయాడు.

బిరడాలు నేలతో పాటు కాలిపోయాయి. పెట్రోలు సీటు దగ్గర ఎందుకు నిలిచిందో ఎవరూ తేల్చలేకపోయారు. లారీ డ్రైవరు కదా, సీటు కింద సారా సీసా పెట్టుకుని ఉంటాడు, అదే అంటుకుంది అని ఎవరో అన్నారు. రావులపాలెం లారీల దగ్గర మొదలైన ఆ మాట నెల తిరక్కుండా రాజోలు దాకా వెళ్ళింది. అక్కడి చర్చిలో తాగుడు మీద ప్రసంగం చేసినప్పుడల్లా పేరు చెప్పకుండా ఆయన్నే ఉదాహరణగా చెప్పేవారట. ముందు వరసలో కరుణ టీచరుగారు తల వంచుకోకుండా కూర్చునేదట. మా నాన్న తన అతుకే చంపిందని ఆ తరవాత వెల్డింగు టార్చి ముట్టుకోలేదు. షాపు అమ్మేసి, సినిమా హాలు దగ్గర సైకిలు స్టాండులో కూర్చున్నాడు.

మేస్త్రిగారు ఉన్నంతకాలం ఆయన గుండె ఆగిపోతుందని చెప్పలేదు. ఆయన పోయాక, ఇన్నేళ్ళు దాచానని నాన్నకి తెలుస్తుందని చెప్పలేదు. నాన్న పోయి పన్నెండేళ్ళయింది. ఈ పన్నెండేళ్ళకి ఏ సాకూ లేదు.

పుస్తకంలో ఆ వాక్యం చదివిన మర్నాడు రాజోలు బస్సెక్కాను. బోడసకుర్రులో ఇప్పుడు పంటు లేదు, వంతెన మీద నుంచి రెండు నిమిషాల్లో దాటేశాం. మేస్త్రిగారి పాక ఉన్నచోట రొయ్యల చెరువు, దాని మీద తిరిగే చక్రాలు. పడవలు కట్టేవాళ్ళు ఆ రేవులో ఒక్కరూ లేరు. మేము బండి ఆడించిన ఇసుకనైతే సముద్రం ఎప్పుడో తీసుకుపోయింది.

కరుణ టీచరుగారికి ఎనభై అయిదు దాటాయి. నన్ను చూసి "సుభద్రా, నువ్వటే! ఎన్నాళ్ళకి వచ్చేవే" అని రెండు చేతులూ పట్టుకుంది. కాఫీ పెట్టమని పనిపిల్లకి చెప్పింది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పాను, నోటుబుక్కు, చెంపదెబ్బ, పసుపు రాసిన బిరడాలు, నేనన్న మాట. ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆపింది.

"సారా కాదన్నమాట."

"కాదండీ. ఎప్పుడూ లేదండీ."

"అది నాకు తెలుసు. నీకూ తెలుసని నాకు తెలీదు."

పనిపిల్ల కాఫీ తెస్తే లోపలికి తీసుకుపొమ్మని చేత్తో సైగ చేసింది. మా కోనసీమలో గుమ్మం ఎక్కినవాళ్ళకి కాఫీ ఇవ్వకుండా పంపడం నేను అదే చూడటం.

"రాయండి" అంది చివరికి. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నన్ను 'మీరు' అనడం అదే మొదలు. "మావాడి పేరు రాయండి. మేస్త్రిగారి పేరూ రాయండి. మీ పేరు దాచకండి. ఇంక వెళ్ళి రండి."

అందుకని రాశాను. ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళు కొందరున్నారు. పాత పేపర్ల కట్టలు మూడు రోజులు దింపించి దుమ్ము దులిపి ఇచ్చిన గ్రంథాలయాధికారి సత్యవతిగారికి. డెబ్బై ఏళ్ళ వయసులో మద్రాసు మైదానం బొమ్మ నేల మీద గీసి చూపించి, ఆ వారమంతా బాబాయి ముట్టుకున్నది సోడా ఒక్కటేనని నా నోటుబుక్కులో వేలిముద్ర వేసి ఇచ్చిన క్లీనరు నూకరాజుకి. మేస్త్రిగారి పేరు రాయడానికి ఏడుస్తూనే ఒప్పుకున్న ఆయన మనవడు శ్రీనివాస్‌కి. నా చేతిరాతని విసుక్కోకుండా కంప్యూటరులో కొట్టిన మా కోడలు లావణ్యకి, పేరుపేరునా నమస్కారాలు.

కరుణ టీచరుగారికి మాత్రం కృతజ్ఞతలు చెప్పే అర్హత నాకు లేదు. ఆవిడకి ఇంగ్లీషు నా కంటే బాగా వచ్చునట, ఆ మధ్యాహ్నమే తెలిసింది. తమ్ముడు అడిగి ఉంటే ఆ నియమాలు తనే చదివి పెట్టేదాన్నని, గుమ్మం దాటుతుంటే నా వెనక నుంచి అంది.